పదిహేడో గేటు దగ్గర

“ఆ కాగితం రేపటి టపాలో వెళ్ళాలని మీ అమ్మకి చెప్పు,” అన్నాడు కిలియన్.

నేను అతని మోచేతికి జానెడు దూరంలో నిలబడి రొట్టె కోస్తున్నాను. మా ఇద్దరి మధ్యా బల్ల దగ్గర కూర్చుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, వ్రోని పాలు తాగుతోంది.

“అమ్మా, నాన్న ఏమంటున్నాడంటే…”

“వినపడింది. రేపటికి ఇంకా ఒక రోజుందని మీ నాన్నకి చెప్పు.”

బుధవారం నుంచీ మా ఇంట్లో ఇదే తంతు. మొగుడూ పెళ్ళాల మధ్య పన్నెండేళ్ళ పిల్ల మాటలు మోస్తోంది. అది స్కూల్లో ఉన్నంతసేపూ ఆ పని మా అత్తగారు హెడీ చూసుకుంటుంది. పొయ్యి పక్క బెంచీ మీంచి లేవకుండానే ఆవిడ ఇవాళ కూడా ఒకటి విసిరింది.

“మీ ఇద్దరి మాటలూ చేరేసీ చేరేసీ దాని నోరు అరిగిపోయింది. ఇవాళ్టి స్కీ పోటీకి కాళ్ళయినా మిగల్చండర్రా.”

వ్రోని గ్లాసు కడిగి బోర్లించి, స్కీ బూట్ల సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. దాని నడక చూస్తే బడికి ఆలస్యమైన పిల్లలా లేదు, బడి ఉందని గుర్తొచ్చిన పిల్లలా ఉంది. నిద్ర చాల్లేదేమో అనుకున్నాను. నాకూ చాల్లేదు.

ఉదయం ఐదుంపావు. డిసెంబరు నుంచి మార్చి దాకా నా ఆదివారాలన్నీ ఇలాగే మొదలవుతాయి, ఆరు శీతాకాలాలుగా. హోటల్లో దుప్పట్లు ఉతికే పని నాది. ఆరు రోజులు ఆవిరిలో ఉడుకుతాను, ఏడో రోజు కొండ మీద గడ్డకడతాను. ఒక్క ఆదివారం ముసుగుతన్ని పడుకోవాలని ఉంటుంది. ఆ మాట మా టిరోల్ కొండల్లో స్కీ పిల్లల తల్లి అనకూడదు. అంటే పిల్ల మీద ప్రేమ లేదంటారు.

కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించే ఉంది. కనుమకి అవతల ఉన్న స్కీ హాస్టలు స్కూలు దరఖాస్తు. కింద రెండు సంతకాలకి చోటుంది. కిలియన్ బుధవారం సాయంత్రమే పెట్టేశాడు, కాగితం చిరిగేంత ఒత్తి. నాది ఖాళీ. మా జిల్లాకి మూడే సీట్లు. ఇవాళ్టి పోటీలో మొదటి ముగ్గురు ఆడపిల్లలకీ అవి వెళ్తాయి. వ్రోనికి వస్తే సెప్టెంబరు నుంచి అది నెలకి రెండు ఆదివారాలు ఇంటికొస్తుంది. శీతాకాలంలో అదీ లేదు.

బుధవారం నేనన్నది ఒక్కటే. ముందు పిల్లని అడుగుదాం అన్నాను. అడగడానికేముంది, దాని కళ్ళు చూస్తే తెలియట్లేదా అన్నాడు కిలియన్. నేను అడిగితే అది ఎప్పటిలాగే “పర్లేదు” అంది. దానికి అన్నిటికీ అదొక్కటే జవాబు. సూపులో ఉప్పెక్కువైందా అంటే పర్లేదు. ఇల్లొదిలి ఉండగలవా అంటే పర్లేదు. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద మండిందేదో మొగుడి మీద పోశాను.

“నీ మోకాలు విరిగిందని దాని కాళ్ళు అరువు తెచ్చుకుంటావా?” అన్నాను.

పదిహేడో ఏట, దేశం జట్టు గడప మీద ఉండగా, కిలియన్ మోకాలు పోయింది. ఇప్పుడు రాత్రిపూట వాలు మీద మంచు చదునుచేసే బండి నడుపుతాడు. ఎవరో దిగడానికి దారి వేస్తాడు, అంతే. ఆ మోకాలి మాట పదహారేళ్ళ కాపురంలో నేను ఎత్తలేదు. ఎత్తిన రోజు అతను నాతో మాట్లాడటం మానేశాడు. తప్పు నాదే. కానీ తప్పు నాదని ఒప్పుకోవాలంటే ముందు నాతో మాట్లాడాలి కదా.

వ్యాన్‌లో గంట ప్రయాణం. ముగ్గురమూ ముందు సీట్లోనే కూర్చున్నాం. స్కీల మైనం వాసన, హీటరు హోరు. కిలియన్ వ్రోనికి మలుపు మలుపూ వివరిస్తున్నాడు, పైన మంచు గట్టిగా ఉంటుందని, దిబ్బ దాటాక వాలు ఒక్కసారిగా జారిపోతుందని, అక్కడ తొందరపడొద్దని. అది తలూపుతోంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దానికి సీటు రాకపోతే బాగుణ్ణని నాకొక ఆలోచన వచ్చింది. వచ్చిన వెంటనే సిగ్గేసింది. కన్నతల్లి కోరాల్సిన కోరికేనా అది?

పోటీ జరిగే వాలు కింద లోయిస్ అప్పటికే కార్డులు పంచుతున్నాడు. లోయిస్ మా ఊరి పాత పోస్ట్‌మాన్, డెబ్బై దాటాడు, గేటు జడ్జీలకి పెద్ద. కొండ మీద మేం ఎవర్నీ ‘మీరు’ అనం, అందుకని అతన్నీ నువ్వనే అంటాను. పిల్లల పోటీలకి జడ్జీలు ఎక్కణ్ణుంచో దిగరు. వచ్చిన తల్లిదండ్రులకే తలా మూడు గేట్లు అప్పజెబుతారు. గేటంటే మంచులో పాతిన కర్ర, దాని పక్కన నిలబడి చూడాలి. పిల్ల రెండు స్కీలూ కర్రకి ఒకే పక్క నుంచి పోవాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ పోయి కర్ర కాళ్ళ మధ్యకొస్తే, ఎంత వేగంగా దిగినా ఆ పరుగు చెల్లదు. ఆ పిల్ల నంబరు కార్డు మీద రాయాలి. ఆ సంగతి ఆ ఒక్క జడ్జికి తప్ప ఎవరికీ తెలియకపోవచ్చు.

నాకు పదహారు, పదిహేడు, పద్దెనిమిది పడ్డాయి. దిబ్బ వెనకాల. కింద గమ్యం దగ్గర నిలబడ్డవాళ్ళకి అక్కడ జరిగేది కనపడదు. ఇవాళ మా పిల్ల సీటు తేలే రోజు, నన్ను ఇంకెక్కడన్నా నిలబెట్టమని లోయిస్‌ని అడిగాను.

“పిల్లల్లేని జడ్జిని ఒకర్ని చూపించు, మార్చేస్తాను,” అన్నాడు. “అయినా నీకేం భయం? బుర్గి చూస్తే చూసినట్టే.”

అది మా స్కీ క్లబ్బులో నాకు పేరు పడిపోయిన మాట. మూడేళ్ళ కింద మా అన్నయ్య కొడుకు నా గేటు దగ్గర కర్ర కాళ్ళ మధ్య పెట్టుకుని పోతే, రాసేశాను. అన్నయ్య ఆ ఏడు క్రిస్మస్‌కి మా గడప తొక్కలేదు. మా వదిన ఇప్పటికీ ఎదురుపడితే బూట్ల వైపు చూసి పలకరిస్తుంది. చేసింది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. అలుపు మాత్రం వచ్చింది.

ఒక్కొక్కరూ రెండుసార్లు దిగాలి, రెండు పరుగుల టైమూ కలుపుతారు. మొదటి పరుగులో వ్రోని నా ముందు నుంచి గాలి కోస్తూ పోయింది. ఏ గేటు దగ్గరా వంక పెట్టడానికి లేదు. జడ్జి నోరు తెరవకూడదు, సొంత పిల్లకైనా కేక వేయకూడదు. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. రెండో స్థానమని మైకులో చెప్పారు. కింద చూసేవాళ్ళు తెచ్చుకున్న ఆవు గంటలు ఊపి మోగించారు.

రెండు పరుగుల మధ్య గుండి పైకొచ్చింది, ఫ్లాస్కుతో. గుండి కూతురు అమ్రై, మా వ్రోని బాలవాడి నుంచీ ఒకే బెంచీ. అమ్రై నాలుగో స్థానంలో ఉంది. టీ పోస్తూ గుండి చెప్పుకొచ్చింది, వాళ్ళ పిల్ల ఆ హాస్టల్లో తన మంచం ఏ కిటికీ పక్కన ఉండాలో కూడా తేల్చుకుని కూర్చుందట. రాకపోతే ఎలా ఊరుకోబెట్టాలో తెలియట్లేదంది. అలా అని మీ దాని మీద నాకు ఏ ఏడుపూ లేదే అని నా చెయ్యి నొక్కింది. లేదని నాకు తెలుసు. గుండి అలాంటి మనిషి కాదు.

రెండో పరుగుకి ఎండ పడింది. మంచు పైపైన మెత్తబడింది. మూడు నాలుగు పరుగులయ్యేసరికి పదిహేడో గేటు దగ్గర గాడి పడింది. లోయిస్ మనుషులు వచ్చి గాడిని పూడ్చి పోయారు. నా కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం మానేసి చాలాసేపయింది.

అమ్రై వచ్చింది. ఎప్పుడూ లేనంత బాగా దిగింది. ఆ తరవాత రెండు నంబర్లు. ఆ తరవాత ఇరవై మూడు, మా వ్రోని.

పదహారు దాటింది. పదిహేడు దగ్గర లోపలి స్కీ కొన కర్రకి ఆ పక్క నుంచి పోయింది. కర్ర దాని కాళ్ళ మధ్య వంగి, వెనక లేచి, ఊగింది. వ్రోని తూలలేదు, ఆగలేదు. పద్దెనిమిదిని చక్కగా దాటుతూ తల ఇటు తిప్పి నన్ను చూసింది.

పరుగులో ఉన్న పిల్ల తల తిప్పదు. కిలియన్ దానికి ఆరేళ్ళప్పటి నుంచీ నేర్పిన మొదటి పాఠమది. అద్దాల వెనక కళ్ళు కనపడలేదు గానీ ఆ చూపు నా గుండెలో దిగింది. రాయకమ్మా అని అడిగింది నా కూతురు.

పెన్సిలు తీశాను. చలికి పెన్ను రాయదని మాకు పెన్సిళ్ళే ఇస్తారు. కార్డు మీద ఇరవై మూడు వేయాలి, గేటు నంబరు వేయాలి, స్కీ ఎలా పోయిందో చిన్న బొమ్మ గీయాలి. ఎన్నిసార్లు గీశానో. చెయ్యి కదల్లేదు.

రాస్తే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు కనపడింది. సంతకం పెట్టని తల్లి, పిల్లని పంపడం ఇష్టం లేని తల్లి, దిబ్బ చాటున ఒంటరిగా నిలబడి, ఎవరూ చూడని తప్పొకటి రాసింది. కిలియన్ నమ్ముతాడా? ఊరు నమ్ముతుందా? వ్యాన్‌లో నేను కోరుకున్న కోరిక నాకు గుర్తుంది. ఇది నిజంగా చూశానా, చూడాలని చూశానా అని నన్ను నేనే అనుమానించే గతి పట్టింది. పిల్ల అడిగింది కదా. ఆరేళ్ళుగా ఏదీ అడగని పిల్ల ఒక్కటి అడిగింది. పైగా నేను అలిసిపోయాను. నాలుగు రోజుల మౌనానికి అలిసిపోయాను. బుర్గి చూస్తే చూసినట్టేనన్న ఆ పేరు మోసీ మోసీ అలిసిపోయాను.

పరుగులన్నీ అయ్యాక కార్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, తప్పులు లేవని రాసి, కింద సంతకం చేశాను. లోయిస్ స్కీల మీద జారుతూ వచ్చి కార్డు తీసుకున్నాడు.

“ఏమీ లేవా?” అన్నాడు.

“లేవు.”

చూడను కూడా చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కిందికి దిగేసరికి ఫలితాలు బోర్డెక్కాయి. వ్రోని మూడో స్థానం. అమ్రై నాలుగు, సెకనులో పదో వంతు తేడా. గమ్యం దగ్గర తాడుకి అవతల అమ్రై మంచులో చతికిలబడి ఉంది. గుండి దాని హెల్మెట్ తీసి జుట్టు సవరిస్తోంది. నన్ను చూసి లేచొచ్చి కౌగిలించుకుంది. మీ పిల్లకి రావలసిందేనే, ఎంత బాగా దిగిందో అంది. చలికి బిగుసుకుపోయాననుకుందేమో, ఫ్లాస్కు మూత తీయబోయింది. వద్దని పక్కకి తప్పుకున్నాను.

కిలియన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కుంటుతున్నాడు. సంతోషంగా ఉన్నప్పుడు కుంటు దాచుకోవడం మరచిపోతాడు.

“బుర్గీ, చూశావా?”

నాలుగు రోజుల తరవాత నాకు సూటిగా చెప్పిన మొదటి మాట. చూశానన్నాను. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. పెళ్ళినాటి ఫోటోలో తప్ప ఆ ముఖం నేను చూసి ఎన్నేళ్ళయిందో. చేసిన పాపానికి ఇంత దొరికిందిలే అనుకున్నాను ఒక్క క్షణం.

వ్యాన్‌లోంచి కాగితం తెస్తానని అతను అటు వెళ్ళాడు. ఫ్రిజ్ మీంచి ఎప్పుడు తీసుకొచ్చాడో. నేను వ్రోని కోసం చూశాను. అది బోర్డు ముందు నిలబడి ఉంది, ఫలితాల కాగితం దగ్గర కాదు, పక్కన అంటించిన చెల్లని పరుగుల జాబితా దగ్గర. ఆ జాబితా పెట్టిన తరవాత అభ్యంతరాలకి పావుగంట టైముంటుంది. దాని మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతుకుతోంది. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. తరవాత స్కీలు నిలబెట్టే కొట్టం వెనక్కి వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళాను. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఇంకా ఆ నంబరు చొక్కాతోనే. పక్కన చతికిలబడ్డాను. సంతోషంతో ఏడుస్తోందనుకున్నాను. లేదంటే భయంతో. నాకు తెలుసులే, ఎవరికీ చెప్పనని భుజం మీద చెయ్యి వేశాను.

“పదిహేడు దగ్గర నువ్వు చూడలేదా?” అంది.

“చూశాను.”

“మరి ఎందుకు రాయలేదమ్మా?”

నువ్వే కదా నా వైపు చూశావు, రాయొద్దనే కదా చూశావు అన్నాను.

“రాయమని చూశాను.”

అప్పుడు మాట్లాడింది. దాని నోట అన్ని మాటలు ఒకేసారి నేనెప్పుడూ వినలేదు. ఆ హాస్టలు వద్దంది. పోటీలే వద్దంది, రెండేళ్ళుగా వద్దంది. ఓడిపోతే నాన్న ఏమీ అనడు, వద్దంటే మాత్రం తట్టుకోలేడంది. నెమ్మదిగా దిగితే గడియారం పట్టుకుని కూర్చున్న నాన్నకి తెలిసిపోతుంది. పడిపోదామంటే భయమేసింది. పొద్దున నన్ను దిబ్బ వెనక నిలబడి ఉండగా చూసిందట. అప్పుడు ఊపిరి పీల్చుకుందట.

“మావయ్య కొడుకునే రాసినదానివి. నన్ను కూడా రాస్తావనుకున్నా,” అంది. “నీకు చెప్పాననుకున్నానమ్మా. అలా చేస్తే నీకు చెప్పినట్టేననుకున్నా.”

నాకు తల తీసేసినట్టయింది. నాలుగు రోజులు దాని ఎదురుగా మేము దాని నోటితోనే కొట్టుకున్నాం. దాని మాట చెప్పుకోవడానికి దానికి ఒక కర్రా రెండు స్కీలూ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మాట కూడా నేను సరిగ్గా వినలేదు.

“నాన్నకి చెప్పొద్దు,” అంది. “కావాలని చేశానని నాన్నకి ఎప్పుడూ చెప్పొద్దు.”

కొట్టం మలుపులో కిలియన్ బూట్ల చప్పుడు. చేతిలో కాగితం, ఇంకో చేతిలో పెన్ను, లోపల జేబులో పెట్టుకుని వెచ్చబెట్టి మరీ తెచ్చాడు. మా ఇద్దర్నీ గోడ వారన చూసి అతనూ వంగి కూర్చోబోయాడు, మోకాలు ఒప్పుకోలేదు. నిలబడే మాట్లాడాడు. బుధవారం నేనన్నదాంట్లో కొంచెం నిజం లేకపోలేదన్నాడు. తనూ మొండికెత్తానన్నాడు. అతని నోట అలాంటి మాట రావడమే గొప్ప.

“సంతకం పెట్టు, బుర్గీ. ఇంక మనం పోట్లాడుకోవద్దు,” అని పెన్ను నా చేతిలో పెట్టాడు.

వ్రోని వేళ్ళు నా చేతి తొడుగు లోపలికి దూరి మణికట్టుని పట్టుకున్నాయి. కొట్టం చివర లోయిస్ గడియారం చూసుకుంటూ బోర్డు దగ్గరికి నడుస్తున్నాడు, జాబితా విప్పేయడానికి. తాడు అవతల అమ్రై ఇంకా లేవలేదు.

లేచి నిలబడ్డాను. లోయిస్‌ని పిలిచి, నా కార్డు ఒకసారి కావాలన్నాను. ఇంకా రెండు నిమిషాలుందే, ఏం మరచిపోయావేమిటి అని నవ్వుతూ జేబులోంచి తీసిచ్చాడు. చూసీ రాయలేదని చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది.

కార్డుని గోడకి ఆనించి, ఇందాక గీసిన గీతని కొట్టేశాను. కిలియన్ ఇచ్చిన పెన్ను చలిలో కూడా చక్కగా రాసింది. గేటు పదిహేడు. దాని పక్కన ఇరవై మూడు.

కిలియన్ నా భుజం మీంచి తొంగి చూశాడు.

“పొరపాటు పడ్డావు బుర్గీ,” అన్నాడు నెమ్మదిగా. “అది మన పిల్ల నంబరు.”

“తెలుసు,” అన్నాను, బొమ్మ గీయడం మొదలుపెట్టాను.